స్కాన్ నార్మల్ అని వచ్చాక ఇంట్లో ఏమని చెప్పాలి

నేను ఎక్స్‌రే టెక్నీషియన్ని. ఒడిశాలోని బరంపురంలో ఇరవయ్యారేళ్ళుగా ఇదే పని. సొంతూరు ఆంధ్రా సరిహద్దులోని పర్లాకిమిడి. అమ్మా, తమ్ముడూ ఇప్పటికీ అక్కడే ఉంటున్నారు. తమ్ముడికి ఇరవై రెండో ఏట స్కిజోఫ్రెనియా (లేని గొంతులు వినబడటం, లేనివి నిజమని నమ్మడం వంటివి కనబడే మానసిక రోగం) అని తేలింది. తలకి ఎమ్మారై తీయించాక రిపోర్టు కవరు విప్పి చదివింది నేనే. అసాధారణమైనదేదీ కనిపించలేదని చివరి లైన్లో రాసి ఉంది.

ఆ ఒక్క లైను మా ఇంట్లో ఏడాదిన్నర తినేసింది. "నార్మలే అంతన్నారు కదా, మరి మందులెందుకు?" అంది అమ్మ. "ఒళ్ళొంగక ఏషాలేస్తన్నాడు" అన్నాడు పెదనాన్న. స్కాన్లో కనబడనిది చిల్లంగి కాక ఇంకేటవుద్దని మేనత్త ఒక గుణియాని, అంటే మంత్రగాణ్ణి, వెంటబెట్టుకొచ్చింది. కోడి, తాయెత్తు, పూజ అన్నీ అయ్యాయి. మాత్రలు మాత్రం ఆగిపోయాయి. మూడో నెలలో తమ్ముడు ఎవరికీ చెప్పకుండా గుణుపురం బండి ఎక్కేశాడు. రెండు రోజులు వెతికాం.

ఆ రోజు నాకు చెప్పడం చేతకాలేదు. రోజూ ఫిల్ములతోనే బతికేవాణ్ణి, అయినా నార్మల్ అనే మాటకి అర్థం మా అమ్మకి చెప్పలేకపోయాను. తర్వాత నేర్చుకున్నాను. చదివి కొంత, తప్పులు చేసి కొంత. అలాంటి కవరే చేతిలో పట్టుకుని నిలబడ్డవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను.

ముందు ఆ స్కాన్ ఎందుకు తీశారో చెప్పండి

మొదటిసారి మతి చెదిరిన మనిషికి డాక్టరు తల స్కాన్ రాసేది స్కిజోఫ్రెనియాని కనిపెట్టడానికి కాదు. గడ్డ ఉందా, రక్తం చేరిందా, మెదడువాపు ఆనవాళ్ళున్నాయా, పాత దెబ్బ ఏదైనా ఉందా అని చూడటానికి. అవేవీ లేవు అన్నదే "నార్మల్" అన్న మాటకి అర్థం. రోగం లేదని కాదు. ఈ మాట ఇంట్లో ఒకసారి చెబితే సరిపోదు. అమ్మకి, పెదనాన్నకి, అడిగే ప్రతి చుట్టానికీ విడివిడిగా చెప్పాలి.

నేను మా పెదనాన్న మోకాలు గుర్తుచేశాను. ఆయన జారిపడ్డప్పుడు ఎక్స్‌రే తీసింది నేనే. ఎముక శుభ్రంగా ఉంది. ఆయన మాత్రం ఆరు వారాలు అడుగు వెయ్యలేకపోయాడు, ఎందుకంటే తెగింది లిగమెంటు. లిగమెంటు ఎక్స్‌రేలో పడదు. "అప్పుడు నిన్నెవరైనా ఏషాలన్నారా పెదనాన్నా?" అని అడిగాను. ఆయన మాట్లాడలేదు, కానీ ఆ తర్వాత తమ్ముణ్ణి ఆ మాట అనలేదు. మీ ఇంట్లోనూ ఇలాంటి మోకాలు ఒకటి ఉంటుంది, వెతకండి. అరువు తెచ్చుకున్న పోలికకన్నా ఇంట్లో అందరూ కళ్ళారా చూసింది బాగా పనిచేస్తుంది.

మెదడులో సంబంధాలు అంటే

తర్వాతి ప్రశ్న తప్పకుండా వస్తుంది: "మరి తేడా ఎక్కడుంది?" తేడా ఉన్నది భాగాల్లో కన్నా, భాగాలు ఒకదానితో ఒకటి కబుర్లు పంపుకునే తీరులో ఎక్కువని చెప్పండి. ఇది కొత్తగా పుట్టిన ఊహ కాదు. మతి చెదరడానికి కారణం మెదడులోని కలుపుదారులు సడలడమేనని పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే జర్మనీలో కార్ల్ వెర్నికె అన్నాడు. 1908లో స్విట్జర్లాండ్ డాక్టరు యూజెన్ బ్లాయిలర్ ఈ రోగానికి ఇప్పటి పేరు పెట్టాడు. ఆ పేరులో "చీలిక" అన్న అర్థం ఉంది. ఆలోచన, భావం, సంకల్పం ఒకదానితో ఒకటి కలిసి నడవకపోవడమే ఆ చీలిక. ఒక మనిషిలో ఇద్దరు మనుషులు ఉండటం కాదు. సినిమాలు చూసి మా వీధిలో సగం మంది అలాగే అనుకుంటారు. ఈ ఒక్క అపోహ తీసేసినా చాలా మేలు. 1995లో లండన్లో కార్ల్ ఫ్రిస్టన్, క్రిస్ ఫ్రిత్ ఇదే ఆలోచనను స్కాన్ల భాషలో మళ్ళీ ముందుకు తెచ్చారు.

సంబంధాన్ని రెండు రకాలుగా కొలుస్తారు. ఒకటి తీగల్లాంటి నరాల కట్టలు, అంటే తెల్లపదార్థం. దానిలో నీళ్ళు ఏ దిక్కుగా ఎంత సాఫీగా కదులుతున్నాయో ఎమ్మారైతోనే కొలుస్తారు. కట్ట బిగువుగా, వరసగా ఉంటే నీరు ఒకే దిక్కుగా పోతుంది.

రెండోది చెప్పడమే కష్టం. మనిషిని ఊరికే పడుకోబెట్టి, ఏ పనీ చెప్పకుండా, కొన్ని సెకండ్లకో బొమ్మ చొప్పున కొన్ని నిమిషాలు తీస్తారు. మెదడులో ఏ భాగం పనిచేస్తే అక్కడి రక్తంలో ఆక్సిజన్ పాలు మారుతుంది, ఆ మార్పు బొమ్మలో పడుతుంది. ఏ రెండు చోట్ల ఈ హెచ్చుతగ్గులు ఒకే తాళంలో నడుస్తున్నాయో చూస్తారు. 1995లో భరత్ బిస్వాల్ (మా వైపు నిత్యం వినబడే ఇంటిపేరు) తన జట్టుతో కలిసి చూపించింది ఇదే. వేలు కూడా కదపకుండా పడుకున్న మనిషిలో, ఎడమ చేతిని కదిపే భాగమూ కుడి చేతిని కదిపే భాగమూ కలిసి లేస్తూ, కలిసి తగ్గుతున్నాయి.

అమ్మకి దీన్ని, గుండెకి రేకు కట్టుకుని ఎగిరే తప్పెటగుళ్ళ ఆటతో చెప్పాను. చెరువుగట్టు మీద నిలబడి దూరంగా ఆట చూస్తున్నామనుకో. పాట వినబడదు, రేకుల చప్పుడూ వినబడదు. కానీ అందరూ ఒక్కసారే ఎగురుతున్నారు, ఒక్కసారే గుండె మీద రేకు కొడుతున్నారు. అయితే వాళ్ళంతా ఒకే పాట వింటున్నట్టే కదా? మరి ఇద్దరు అర తాళం వెనకబడితే? ఇంకో ఇద్దరు పక్క జట్టు పాటకి ఎగురుతుంటే? అమ్మ చిన్నప్పుడు ఆ ఆట రాత్రంతా కూర్చుని చూసిన మనిషి. "అయితే మనోడికి కాళ్ళు బాగానే ఉన్నాయి, తాళమే తప్పింది" అంది. నేను చదివిన వివరణలన్నిటిలో నాకు గుర్తుండిపోయింది ఆ మాటే.

ఏం కనబడిందో, ఎంత కనబడిందో చెప్పండి

ఇక్కడ తూకం తప్పితే మాట ప్రమాదం అవుతుంది. 2018లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనంలో చాలా దేశాల నుంచి 29 చోట్ల తీసిన స్కాన్లు కలిపి చూశారు. స్కిజోఫ్రెనియా ఉన్నవాళ్ళు 1,963 మంది, లేనివాళ్ళు 2,359 మంది. తెల్లపదార్థంలో 25 చోట్ల కొలిస్తే, 20 చోట్ల నీరు ఒకే దిక్కుగా పోయే ఆ క్రమం రోగులలో సగటున కొంచెం తక్కువగా ఉంది. "సగటున", "కొంచెం" అన్న రెండు మాటలూ మింగెయ్యకండి. రెండు గుంపులూ చాలా మేరకు ఒకదాని మీద ఒకటి పడి ఉంటాయి. ఒక్క మనిషి స్కాన్ చేతికిచ్చి ఈయనకి రోగం ఉందా అంటే దాన్నిబట్టి చెప్పలేరు.

సంబంధం అన్నిచోట్లా తక్కువగానే ఉంటుందని కూడా కాదు. మెదడు నడిమధ్య థాలమస్ అని ఉంది. మాకు నౌపడా జంక్షన్ ఎలాగో మెదడుకి అది అలాంటిది. గుణుపురం వైపు నుంచి మెయిన్ లైన్లోకి ఏ బండి పోవాలన్నా నౌపడా దాటాలి. చూపు, వినికిడి, స్పర్శ ఆ జంక్షన్ మీదుగానే పైకి పోతాయి. స్కిజోఫ్రెనియాలో ఈ జంక్షన్‌కీ, ఆలోచించి ఎంచుకునే ముందుభాగానికీ తాళం తగ్గి, చూపు, వినికిడి, కదలికల భాగాలతో తాళం ఎక్కువవడం చాలా అధ్యయనాల్లో మళ్ళీ మళ్ళీ కనిపించింది. మనం ఏ పనీ చెయ్యకుండా మనలో మనం ఆలోచించుకునేటప్పుడు కలిసి నడిచే మెదడు భాగాల వల ఒకటుంది. 2009లో జరిగిన ఒక అధ్యయనంలో అది రోగుల్లోనే కాదు, వాళ్ళ దగ్గరి రక్తసంబంధీకుల్లో కూడా అతిగా బిగుసుకుని కనిపించింది. ఇది చదివిన రాత్రి నేను చాలాసేపు నిద్రపోలేదు. నాకు రోగం లేదు, కానీ నా తాళంలో కూడా తమ్ముడి తాళం కొంత ఉండొచ్చు. అప్పట్నుంచీ వాణ్ణి నాకు అవతలి గట్టున నిలబెట్టి చూడటం మానేశాను.

వినబడే మాటల సంగతి చెప్పడానికి మాత్రం ఒక ప్రయోగం ఉంది. పిల్లలున్న ఇంట్లో, రోగి లేని సమయం చూసి చెయ్యండి. మీ అరికాలికి మీరే చక్కిలిగిలి పెట్టుకోండి, నవ్వు రాదు. పక్కవాళ్ళు పెడితే వస్తుంది. ఎందుకంటే చెయ్యి కదిపే భాగం "ఇది నేనే" అని స్పర్శ భాగానికి ముందే కబురు పెడుతుంది. మాట్లాడేటప్పుడూ అంతే. మాట పుట్టే భాగం వినే భాగానికి ముందుగా కబురు పెట్టి, సొంత గొంతుకి దాని స్పందన తగ్గిస్తుంది. స్కిజోఫ్రెనియాలో ఆ తగ్గింపు సరిగా జరగడం లేదని జుడిత్ ఫోర్డ్ వంటివాళ్ళు మెదడు విద్యుత్తు కొలిచి చూపారు. 2000లో లండన్లో చక్కిలిగిలితోనే పరీక్షించారు. గొంతులు వినబడేవాళ్ళకీ, తమను ఇంకెవరో కదుపుతున్నారనిపించేవాళ్ళకీ సొంత చెయ్యీ పరాయి చెయ్యీ దాదాపు ఒకేలా తగిలాయి. లోపల పుట్టిన మాటకి "నాదే" అన్న ముద్ర పడకపోతే అది బయటి మాటలా వినబడుతుందన్నది దీన్నిబట్టి చేస్తున్న ఊహ. పూర్తి కథ ఇంకా పెద్దదే. కానీ మా మేనత్త తన అరికాలు తానే గోక్కుని చూసి "అయితే ఆడు అబద్దమాడ్డం నేదన్నమాట" అంది. నాకు అప్పటికి అది చాలు.

అమ్మ ఒంటరిగా ఉన్నప్పుడు ఒకటే అడిగేది: "నా పెంపకంలో ఏటి తప్పు జరిగింది?" పెంపకం వల్ల వచ్చేది కాదు ఇది. పదమూడు, పద్నాలుగేళ్ళ నుంచి ఇరవైలు దాటేదాకా ప్రతి మెదడూ అక్కర్లేని సంబంధాలను తీసేసుకుంటుంది, వరిచేలో కలుపు తీసినట్టు. ఈ రోగంలో ఆ తీత మోతాదు మించిందేమో అన్న ఆలోచన 1980ల నుంచీ ఉంది. 2016లో సీ4 అనే జన్యువు మీద జరిగిన పరిశోధన దానికి బలమిచ్చింది. రోగం సరిగ్గా ఆ వయసులోనే బయటపడటానికి ఇదొక కారణం కావచ్చు. అప్పుడు మా వాడు డిగ్రీ పూర్తిచేసి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు. ఉద్యోగం రాక మతి పోయిందని ఊరంతా అనేది.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి

ఇవన్నీ చదివిన ఉత్సాహంలో ఒక సాయంత్రం మహేంద్రతనయ ఒడ్డున కూర్చుని తమ్ముడితో అన్నాను: "నీ తప్పేం లేదురా, నీ మెదడులో వైర్లు సరిగా లేవు, అంతే." ఓదార్పు అనుకున్నాను. వాడు తల ఊపాడు. వారం తర్వాత అమ్మ ఫోన్ చేసింది, మాత్రలు పెరట్లో పారబోశాడట. ఇంటికి వెళ్ళి అడిగితే, "వైరు తెగిపోతే మాత్రేటి చేస్తది అన్నియ్యా?" అన్నాడు. వాడి తర్కంలో లోపమేమీ లేదు. తప్పు నాది.

కాబట్టి రోగితో వైర్లు, తెగడం, పాడవడం అన్న మాటలు వద్దు. అవి నిజం కూడా కాదు. ఏదీ తెగలేదు. కొన్ని కబుర్లు ఆలస్యంగా, కొన్ని గట్టిగా, కొన్ని వేరే చోటికి అందుతున్నాయి. ఆ తీరు రోగం ముదిరినప్పుడు ఒకలా, తేరుకున్నప్పుడు ఒకలా ఉండొచ్చు. తర్వాత వాడితో ఇలా చెప్పాను: "ప్రతి చిన్న చప్పుడుకీ మెదడులో ఎవరో 'ఇది ముఖ్యం, ఇది నీ గురించే' అని గంట కొడుతున్నట్టుంది కదా? ఆ గంట కొట్టే రసాయనం పేరు డోపమిన్. మాత్ర ఆ గంటని నెమ్మది చేస్తుంది." వాడు చాలాసేపు ఆలోచించి, "గంట అంటే అవును, గంటే" అన్నాడు. ఆ రాత్రి మాత్ర వేసుకున్నాడు. మీవాడికి గంట కాకపోవచ్చు. వాళ్ళ నోటి నుంచి వచ్చిన పోలికనే పట్టుకోండి.

ఇంట్లో మాట తీరు మార్చండి

మా ఇంట్లో పద్ధతి ఒకటుండేది. అమ్మ వంటింట్లోంచి, పెదనాన్న అరుగు మీంచి, టీవీ మోగుతుండగా, ఇద్దరూ ఒకేసారి: "స్నానం చేశావా, గ్యాసు తెచ్చావా, ఆ చొక్కా ఏటి మళ్ళీ అదే?" వాడు గోడకేసి చూస్తూ ఉండిపోయేవాడు. పొగరనుకున్నాం.

ఇప్పుడు టీవీ కట్టేస్తాం. ఎదురుగా కూర్చుంటాం. ఒక వాక్యం, ఒకే సంగతి. తర్వాత ఆగుతాం. మొదట్లో నేను మనసులో పది లెక్కపెట్టుకునేవాణ్ణి, చాలాసార్లు ఎనిమిదో తొమ్మిదో అంకె దగ్గర జవాబు వచ్చేది. అన్నేళ్ళూ ఆ జవాబు వచ్చేలోపే మేం రెండో ప్రశ్న వేసేవాళ్ళమన్నమాట. ఈ పద్ధతి స్కాన్ల నుంచి పుట్టింది కాదు, కుటుంబాలతో పనిచేసినవాళ్ళ అనుభవం నుంచి వచ్చింది. విసుగూ ఎత్తిపొడుపూ ఎక్కువున్న ఇంట్లో రోగం తిరగబెట్టడం ఎక్కువని లండన్లో జార్జ్ బ్రౌన్ మొదలుపెట్టిన పరిశోధనలు చెప్పాయి. చండీగఢ్‌లోనూ చూశారు. అక్కడి కుటుంబాల్లో అలాంటి విమర్శ లండన్ ఇళ్ళకన్నా తక్కువగా ఉందట. మన ఇళ్ళలో ఆ ఓపిక ఎక్కడో ఉందనే నేను నమ్ముతాను.

గొంతులు వినబడుతున్నాయన్నప్పుడు లేవని వాదించొద్దు, నాకూ వినబడుతున్నాయని అబద్ధం చెప్పొద్దు. "నాకు వినబడటం లేదు. నీకు వినబడుతున్నాయని తెలుసు. భయంగా ఉందా?" అనండి. ఆ చివరి ప్రశ్నే అసలైనది.

రంగు రంగుల కాగితాలు చూసి మోసపోకండి

ఒక ఊళ్ళో బ్రెయిన్ మ్యాపింగ్ చేసి రోగం పక్కాగా చెబుతామంటే, నేను తెలిసి తెలిసీ పద్నాలుగు వేలు కట్టాను. ఎర్రగా, నీలంగా తల బొమ్మలున్న కాగితం ఇచ్చారు. మా డాక్టరుగారు దాన్ని మర్యాదగా మడిచి నా చేతికిచ్చారు. ఇవాళ్టికి స్కిజోఫ్రెనియాని ఖాయం చేసే సంబంధాల స్కాన్ ఏదీ వాడుకలో లేదు. డాక్టరు మాట్లాడి, కాలక్రమం చూసి, మిగతా కారణాలు తీసేసి తేలుస్తారు.

పేపర్లో "స్కిజోఫ్రెనియా గుట్టు తెలిసింది" అని పడితే నేను మొదట చూసేది తల కదలిక. నా వృత్తి అలవాటు అది. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరి బిగబట్టకపోతేనే ఫిల్ము మసకబారుతుంది. ఈ సంబంధాల స్కాన్లో అయితే తల మిల్లీమీటరులో కొంత కదిలినా లేని తేడాలు పుడతాయి. ఆందోళనగా ఉన్న మనిషి ఎక్కువ కదులుతాడు కదా. దాన్ని సరిచేశారా? రోగులు ఏళ్ళ తరబడి వాడిన మందుల ప్రభావాన్ని వేరుచేశారా? ఇంకో ఆసుపత్రి మనుషుల్లో కూడా అదే కనబడిందా? ఇరవై మందితో చేసిందైతే నేను ఇంట్లో చెప్పను కూడా చెప్పను.

డాక్టరు దగ్గరికి వెళ్ళేముందు

మా సరిహద్దు ఊళ్ళలో ఇంకో చిక్కుంది. వాడికి వినబడేవి తెలుగు మాటలు. డాక్టరుది ఒడియా. మొదటిసారి నాన్న "చెవిలో మాటలు" అనడానికి ఒడియాలో "శబ్ద" అన్నారు. చప్పుడు అనుకుని చెవి డాక్టరుకి పంపారు. నెల పోయింది. "కథా" అనాల్సింది. అందుకే వాడన్న మాట ఉన్నదున్నట్టు తెలుగులో నోటుబుక్కులో రాసి, దాని కింద ఒడియాలో అర్థం రాసుకుని వెళ్తాను. ఎవరి గొంతు, ఏం చెబుతోంది, ఏ వేళలో అన్నీ రాస్తాను. పాత ఫిల్ములు మడతపెట్టకుండా వెంట తీసుకెళ్తాను. మందు వల్ల చెయ్యి వణుకుతున్నా, బరువు పెరుగుతున్నా అక్కడే చెబుతాను. సొంతంగా మోతాదు తగ్గించడం మా ఇంట్లో ఇక లేదు.

అర్ధరాత్రి ఏం చెయ్యాలో తోచకపోతే 14416కి ఫోన్ చెయ్యండి, అది టెలిమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ. డబ్బులక్కర్లేదు, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. ప్రాణానికి ముప్పు అనిపిస్తే మాత్రం ఫోన్ దగ్గర ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.

ఒక చివరి కాగితం రాసి వంటింటి తలుపు వెనక అంటించండి: రోగం తిరగబెట్టేముందు మీవాళ్ళలో కనబడే మొదటి గుర్తులు. మా వాడికి మొదట పోయేది నిద్ర. రాత్రి రెండింటికి లేచి పెరటి నూతిలో నీళ్ళు తోడతాడు, గిలక చప్పుడుకి అమ్మకి మెలకువ వస్తుంది. ఒక రాత్రి అయితే ఊరుకోమన్నాను. రెండో రాత్రి కూడా గిలక మోగితే, తెల్లారకముందైనా సరే, నాకు ఫోన్ చెయ్యమన్నాను.